వెర్నా హారన్

స్కూల్ బస్సు నడపడం మానేసినా వెర్నా హారన్ కొట్టడం మానలేదు. పోయినసారి స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఊళ్ళో సగంమంది ఓటే వేయలేదని ఆమెకు మంట. అందుకే ఈ నవంబరు పోలింగ్ రోజున, అందర్నీ ఓటుకు తీసుకెళ్ళడానికి మంచులో పాత వ్యాన్ వేసుకుని ఇంటింటి ముందూ ఆగి హారన్ కొట్టింది. చిన్నప్పుడు ఆమె బస్సెక్కిన ఇప్పటి బట్టతలవాళ్ళు నోట్లో రొట్టెముక్కతోనే పరుగెత్తుకొచ్చారు. పోటీలో ఉన్న ఆర్లన్ ఇంటి ముందూ ఆగింది. ఆమేమో తన వాకిట్లో అతని ప్రత్యర్థి ప్రచార బోర్డు పాతుకున్న మనిషి.

"మీరు నాకు వ్యతిరేకం కదండీ?" అన్నాడు ఆర్లన్.

"అయితే ఓటు మానేస్తావా? ఎక్కు."

ఎక్కి, చిన్నప్పటి అలవాటుగా వెనక సీటుకు పోబోయాడు.

"ముందు కూర్చో. అప్పట్లో వెనక కూర్చుని నా బస్సు సీట్లన్నీ బ్లేడుతో కోసిపెట్టావు. నీకు ఓటెయ్యనిది అందుకే."