రాట్నం దగ్గర పుట్టిన ఆచారం

నా చిన్నప్పుడు, మాఘమాసంలో ఒక శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నరకు, పెనుకొండలో ఒక పెద్దమనిషి తన ఇంటి వసారాలో కూర్చుని నలుగురి ముందు ఒక అబద్ధం చెప్పాడు. గంట ఎందుకు గుర్తుందంటే, ఆయన మాట ముగిసిందో లేదో గోడగడియారం ఒక్క దెబ్బ కొట్టింది. అంతకుముందు నేను గోడగడియారం చూడలేదు. లోపల ఎవరో పళ్ళెం కింద పడేశారనుకున్నాను. అది తొమ్మిదిన్నర అని నాయన నా చెవిలో చెప్పాడు. ఆ పెద్దమనిషి చెప్పింది అబద్ధమని మాత్రం, ఆయన కాక, ఆ వసారాలో మా అవ్వ ఒక్కదానికే తెలుసు.

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో ఉన్నది ముగ్గురం, నాయన, ఆయన్ను కన్న మా అవ్వ, నేను. నాయన మాట తక్కువ మనిషి. పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా మగ్గం చప్పుడే ఆయన మాట. అవ్వ రాట్నం తిప్పుతూ, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న కండెలకు పట్టుపోగు చుట్టేది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఎవరు పలకరిస్తారా అని చూసేదాన్ని. మనుషులున్న ఇల్లే అయినా చాలా పెద్దదిగా కనిపించేది.

నాయనకు మాటలు వచ్చేది ఒకే ఒక్క మనిషి గురించి. పెనుకొండలో ఉండే ఆ పెద్దమనిషిని మా వైపు అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఎన్నికల్లో నిలబడిన ప్రతిసారీ గెలిచేవాడు. చెప్పులు తొడగడు, నేత పంచె తప్ప కట్టడు, బయట మెతుకు ముట్టడు, రాహుకాలంలో గడప దాటడు. నుదుటిన విభూతి, నోట ఆచారం. ఇవన్నీ నటన అని నేను చెప్పను. తిండి విషయంలో, బట్ట విషయంలో ఆయన ఉన్నది అట్లాగే. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫొటో ఉండేది. సాంబ్రాణి పొగ దానికీ తగిలేది.

నన్ను బడిలో వేశారు. అ నుంచి మొదలుపెట్టి ఋ దాకా వచ్చాను. ఋ రాయడం నాకు ఇష్టంగా ఉండేది. చెరిపి మళ్ళీ రాసేదాన్ని. అంతలో నాయన పట్టు తేవడానికి హిందూపురం పోయి, అక్కడ పెద్దాయన మీటింగు విని వచ్చాడు. ఆడపిల్లకు అక్షరం వస్తే ఇంటికి దీపం పెట్టే చెయ్యి పోతుందని, మన ఇళ్ళు నిలబడింది ఆచారం మీద గానీ పలకల మీద కాదని ఆయన చెప్పాడట. మర్నాడు నాయన నా పలక తీసుకుని అటక మీద పెట్టాడు.

"ఏంరా, బిడ్డ పలక అటకెక్కిస్తివే?" అంది అవ్వ.

"రేపట్నుంచి బడి లేదు. పెద్దాయన చెప్పినాడు."

"మన బిడ్డ సంగతి ఆయప్పకేం తెలుసు?"

"ఆచారం సంగతి తెలుసు కదమ్మా."

అంతే. నాయన గుంతలోకి దిగాడు. మగ్గం చప్పుడు మొదలైంది. బడిగంట మా ఇంటికి వినబడేది. అది కొట్టినప్పుడల్లా నేను అటక వైపు చూసేదాన్ని, అవ్వ నా వైపు చూసేది.

కొన్ని నెలలకు పెద్దాయన పెద్దకూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళిచీర నేసే పని మా నాయనకు ఇచ్చారు. ఆయన ఆనందం చెప్పలేను. స్నానం చేయకుండా మగ్గం ముట్టలేదు. రంగులు చూపించడానికి ఆ ఇంటి ఆడవాళ్ళ దగ్గరకు అవ్వ ఒక్కతే పోయి వచ్చింది. వచ్చి కాళ్ళు కడుక్కుంటూనే అంది.

"ఆయప్ప చిన్నబిడ్డ బెంగుళూరు బడిలో చదువుతాండాది రా. బూట్లేసుకుని ఇల్లంతా తిరుగుతాండాది."

"నీకు చత్వారం వచ్చిండాదిలేమ్మా."

"బూట్లు కనపడనంత చత్వారమా?"

నాయన తెగిన పోగు వెతికి ముడి వేశాడు. తల్లి కంటితో చూసిన దానికంటే పెద్దాయన నోటి మాట ఆయనకు గట్టిది. అవ్వ కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చీర మగ్గం దిగేదాకా ఊరుకుంది. దిగిన రోజు సాయంత్రం రాట్నం తిప్పుతూ, ఏదో గుర్తొచ్చినట్టు, ఇట్లా అంది.

"పెండ్లిచీర మగోళ్ళ చేతులమీదగా పోకూడదు రా. నేసినోళ్ళింటి కన్నెపిల్ల తీసకపోయి పెండ్లికూతురి చేతిలో పెట్టాల. పెట్టిన పిల్లను ఆ ఇంటి ఆడబిడ్డల పక్కన కూర్చోబెట్టి బెల్లం తినిపించాల. పాతకాలం ఆచారం."

"నేనెప్పుడూ విన్లేదే!"

"నువ్వెన్ని పెండ్లిచీరలు పెద్దోళ్ళిండ్లకు మోసినావు? తెల్లారి పిల్లకు తలంటుతా. ముగ్గురం పోతాం."

ఆచారం అన్న మాట పడ్డాక నాయన మారు మాట్లాడడు. అది అవ్వకు తెలుసు.

మర్నాడు రైల్లో పెనుకొండ పోయాం. చీర కొత్త తువ్వాలులో చుట్టి నా ఒడిలో పెట్టారు. పెద్దాయన వసారాలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నాడు. కొత్తచెరువు నుంచి వచ్చిన రైతులు నలుగురు కింద కూర్చుని వానల గురించి చెప్పుకుంటున్నారు. ఆయన చేయి చాచి, "ఏదప్పా, చీర ఇట్లియ్యి, చూద్దాం" అన్నాడు.

అవ్వ ముందుకు జరిగి కొంగు సర్దుకుంది. రాట్నం దగ్గర చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది. చివర "తమకు తెలీని ఆచారమా సామీ" అంది.

ఆయన చేయి గాల్లో ఆగింది. కళ్ళు ఒకసారి రైతుల మీదికి పోయి వచ్చాయి. తర్వాత తల ఊపాడు.

"తెలీకేం అవ్వా! మా ఇంట్లో ఏడు తరాలుగా నడుస్తాండే ఆచారమే గదా. మా నాయన్ను కన్న జేజి పెండ్లికి కూడా ఇట్లే జరిగిందంట. లోకం మర్చిపోయింది గానీ మేం మర్చిపోలేదు."

రైతులు తలలూపారు. గడియారం కొట్టింది. నాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అంత పెద్దమనిషికీ తమ మగ్గానికీ ఇట్లాంటి పాత బంధం ఉన్నందుకు. అవ్వ మాత్రం నేల చూస్తూ నిలబడింది. ఆమె భుజాలు కొద్దిగా కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను.

నన్ను లోపలికి పంపారు. పెళ్ళికూతురు చీర అందుకుని కళ్ళకద్దుకుంది. వంటామె బెల్లం తెచ్చింది. మంచం మీద నా వయసు పిల్ల కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. నల్లబూట్లు, తెల్లమేజోళ్ళు. పక్కన బొమ్మల పుస్తకం. అవ్వకు చత్వారం లేదని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల తన పేరు చెప్పింది, నా పేరు అడిగింది. తర్వాత నేను భయపడుతున్న మాట అడిగింది.

"నువ్వు ఏ క్లాసు?"

"బడి మానిపించినారు."

"ఎందుకు?"

"మీ నాయన చెప్పినాడంట. ఆడపిల్ల చదివితే ఇంట్లో దీపం పెట్టే చెయ్యి పోతాదంట."

పెళ్ళికూతురు చీర మడత మీద చెయ్యి అట్లాగే ఉంచింది. చిన్నపిల్ల పకపకా నవ్వింది. "మా డాడీనా! మార్కులు తగ్గితే నన్ను కొడతాడు" అంది. నేను నమ్మలేదనుకుందేమో, నా చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కుపోయింది. వెనక అక్క పిలుస్తున్నా ఆగలేదు.

"డాడీ, నేను చదివితే నా చెయ్యి పోతుందా? ఈ పిల్ల నువ్వే చెప్పావంటోంది."

డాడీ అన్న మాటకే రైతులు నేలచూపులు చూశారు. నాయన నా వైపు చూడలేదు, ఆ పిల్ల బూట్ల వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో! పెద్దాయన ఉయ్యాలబల్ల కాలితో ఆపి, నవ్వాడు.

"మా బామ్మర్ది చేసిన పని ఇది. బెంగుళూరులో వాళ్ళింట్లో పెట్టుకుని చదివిస్తాండాడు. నాకు మొదట్నుంచీ ఇష్టమే లేదు. ఏంజేస్తాం, ఆడోళ్ళ పుట్టింటి మాట కాదనలేం గదా."

రైతులు దానికీ తలలూపారు. "నువ్వే కదా నన్ను..." అని ఆ పిల్ల మొదలుపెట్టింది. "లోపలికి పో తల్లీ" అన్నాడాయన, చాలా మెత్తగా. ఆ పిల్ల నా చెయ్యి వదిలింది. ఆమె మొహం చూశాను. నా పలక అటకెక్కిన పొద్దున నాకు ఎట్లా అనిపించిందో, ఆమె మొహం అట్లా ఉంది. నన్ను బడి మానిపించిన మనిషి, ఆమెను తాను చదివిస్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఇద్దరికీ ఏదో పోయింది. అది ఇట్లా మాటల్లో పెట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది గానీ, ఆ చెయ్యి వదిలినప్పటి చల్లదనం అప్పుడే తెలిసింది.

తిరుగు రైలు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు అవ్వ అంతదాకా బిగబట్టుకున్న నవ్వు నవ్వింది. పైట నోట్లో కుక్కుకుని నవ్వింది.

"ఏడు తరాలంట రా! నిన్న మాపటేల నా రాట్నం కాడ పుట్టిన ఆచారం అది. నీ ముందరే పుట్టె. తెల్లారేసరికి వాళ్ళ జేజి పెండ్లికి కూడా పోయి వచ్చె!"

నాయన నవ్వలేదు. అవ్వ నవ్వు ఆపి, మెల్లిగా అంది. "ఆచారం ఎన్నాళ్ళదని చూడొద్దు రా. ఎవరి మీద పడతాదో చూడు. ఆయప్ప చెప్పే ఆచారం ఆయప్ప గడప దాటి లోపలికి పోతాండాదా? మన బిడ్డ మీద ఎందుకు పడాల?"

నాయన లేచి ప్లాట్‌ఫారం ఆ చివర ఉన్న బెంచీ మీదికి పోయి ఒంటరిగా కూర్చున్నాడు. రైల్లోనూ వేరే వైపు కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే అవ్వ పలక దించి, తుడిచి, నా ఒడిలో పెట్టింది. నాయన చూశాడు. మళ్ళీ అటకెక్కించలేదు. పొమ్మని కూడా అనలేదు. సోమవారం పొద్దున నేను తల దువ్వించుకుని పలక పట్టుకుని మగ్గం పక్కన నిలబడ్డాను. ఒక్క మాట చాలు. బడిగంట కొట్టింది. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంది. ఆయన తల ఎత్తలేదు. "పోవే, నేనంటాండా కదా పో" అని అవ్వ నెట్టింది. నాయన చెప్పకుండా పోవడానికి నాకు కాళ్ళు రాలేదు.

మొహమాటం లేకుండా చెబుతాను. నాయనకు నిజం తెలిసింది. తెలిసినా నన్ను బడికి పంపలేదు. తాను మోసపోయానని వీధికి తెలియడం కంటే నా చదువు పోవడమే ఆయనకు తేలికైంది. ఫొటో గోడ మీదే ఉంది. సాంబ్రాణి పొగ మాత్రం మళ్ళీ దానికి చూపించలేదు, పెద్దాయన పేరు మళ్ళీ ఎత్తలేదు. దాంతో నాయనకు ఉన్న ఆ కాసిని మాటలు కూడా పోయాయి. ఇల్లు ఇంకా పెద్దదైంది. నా పలక నీళ్ళ ముంత మీద మూతైంది. నాయన మీద నాకు కోపం ఉందా అంటే ఉంది. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. నాకు ఉంది.

యాభై దాటాక, పక్కింటి పిల్ల సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నాకు అక్షరాలు నేర్పింది. ఋ దగ్గర ఆగి, ఇది నాకు వచ్చు అన్నాను. రాసి చూపించాను.

ఈమధ్య ఎన్నికలప్పుడు మా వీధికి ఒక నాయకుడు వచ్చాడు. పట్టుపంచె, మెడలో కండువా, చుట్టూ ఫోన్లతో పిల్లలు. మన సంప్రదాయం, మన మగ్గం అంటూ ఎదురింటి మగ్గం గుంతలోకి దిగబోయాడు. నాకు నోరు ఆగలేదు. "మగ్గం పట్టే కొత్తోడు ముందు ఒక కండె చుట్టి, దాన్ని నేసినోళ్ళింటి ఆడబిడ్డ చేతిలో పెట్టి గుంతలోకి దిగాల నాయనా. మా ఆచారం" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ఫోన్ల వైపు తిరిగి, "నాకు తెలుసవ్వా, మా జేజి చెప్తాండె" అన్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు.

నవ్వు వచ్చింది. పక్కకు తిరిగాను, అవ్వ మొహం చూద్దామని. అక్కడ ఎవరో ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంతమంది మధ్య ఆ నవ్వు ఎవరితో నవ్వాలో తెలియక మింగేశాను.

ఎవరు ఆచారం అన్నా, అది ఎవరి మీద పడుతోందో చూడటం ఆ రోజు నుంచి నాకు అలవాటు. ఆ అలవాటు నేర్పినవాళ్ళకూ, ఆ రోజు అక్కడున్నవాళ్ళందరికీ ఇక్కడ చోటు ఇవ్వాలి. మా నాయన పేరు నారాయణప్ప. పెళ్ళికూతురిని అందరూ పెద్దపాప అనే పిలిచారు, నాకు తెలిసింది అంతే. బెల్లం తెచ్చిన వంటామె ఓబులమ్మ. కొత్తచెరువు రైతుల పేర్లు ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకున్న పిల్ల పేరు సుగుణ, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నేను నాగరత్నమ్మను. పెద్దాయన పేరు నేను రాయను, అది చాలా శిలాఫలకాల మీద చెక్కి ఉంది. మా అవ్వ పేరు ఎక్కడా రాసి లేదు. ఇదే మొదటిసారి, నా చేత్తో రాస్తున్నాను.

లింగమ్మ.