పాలపళ్ళే కదా అనుకున్నాను

మా పాప సరస నోట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది ఒక శుక్రవారం, దానికి తలంటుతున్నప్పుడు. కుంకుడు రసం కంట్లో పడి నోరంతా తెరిచి ఏడ్చింది. పైన రెండు ముందుపళ్ళ మీద, చిగురుకు ఆనుకుని, సుద్దతో గీసినట్టు తెల్లటి గీత. అప్పుడు దానికి పదకొండో నెల. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు అది.

మాది హోసూరులో బెల్లం మండీ. మా ఇంట్లో ఏ బిడ్డకు పళ్ళు మొలుస్తున్నా పలచని గుడ్డలో బెల్లం ముక్క మూటకట్టి చప్పరించడానికి ఇస్తారు. చిగుళ్ళ దురద తగ్గుతుందని నమ్మకం. మండీవాళ్ళ బిడ్డ ఏడవకూడదని ఒక గొప్ప కూడాను. మా అత్తగారు పూటకు ఒకసారి, కాసేపు ఇచ్చి లాగేసేవారు. నేను అలా కాదు. పని తెమిలితే చాలని పొద్దున ఇచ్చి, కరిగిపోతే మళ్ళీ కట్టి, బిడ్డ నిద్రపోయినా నోట్లోనే వదిలేసేదాన్ని. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

గీత చూపిస్తే అత్తగారు నవ్వారు.

"పాలపళ్ళే కదమ్మా, ఊడిపొయ్యేవే. దానికింత దిగులు యాల?" అన్నారు.

నాకు కావలసిన మాట కూడా అదే. సరేననుకున్నాను.

గీత పసుపు పచ్చనై, తరవాత నల్లబడింది. ఏడాదిన్నర నిండేసరికి పళ్ళు విరిగి మొదళ్ళు మిగిలాయి. ఒకరోజు పైచిగురు ఉబ్బి, కుడి చెంప కంటిదాకా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. హోసూరు డాక్టరుగారు చూసి ఆబ్సెస్, అంటే చీముగడ్డ, అన్నారు. అయిదు రోజులు వరసగా పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాలని, మధ్యలో మానొద్దని మరీ మరీ చెప్పారు. రెండో రోజుకే వాపు తీసింది. ఆయన వాకిలి కనబడితే చాలు, సరస గుక్కపట్టి ఏడ్చేది. చూడలేకపోయాను. తగ్గింది కదా అని మూడో రోజునుంచి మానేశాను.

మూడు వారాలకు, కృష్ణగిరిలో మా పుట్టింట్లో ఉండగా, మళ్ళీ వాచింది. ఈసారి కంటి కింద చిల్లుపడి చీము కారింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, పెద్ద డాక్టరుగారు ఆస్టియోమైలైటిస్ అన్నారు. చీము దవడ ఎముకలోకి దిగిందట.

"ఇన్ని దినాలు యాడ పోయినారమ్మా?" అని అడిగారు. కోపంగా కూడా అడగలేదు.

ఇంజెక్షన్లు మానేసిన సంగతి చెప్పాను. బెల్లం సంగతి చెప్పలేదు.

ఆపరేషన్ చేసి చచ్చిన ఎముక తీసేశారు. ట్రేలో దూది మీద ఎముక ముక్కలతో పాటు బియ్యపు నూకల్లాంటివి కనిపిస్తే, అవేమిటని అడిగాను.

"ఇంకా మొలవని పండ్లమ్మా. టూత్ బడ్స్ అంటాము. ఎముకతో బాటు వచ్చేసినాయి. ఆ పక్క ముందర ఇంక పండ్లు రావు" అన్నారు.

ఊడిపోయే పళ్ళకు పైన అసలు పళ్ళు అప్పటికే తయారవుతుంటాయని నాకు ఆ రోజు తెలిసింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. బిడ్డ దక్కదని రెండుసార్లు అనుకున్నాను. దక్కింది. దేవుడి దయ అన్నారు అందరూ. నాకు ఆ దేవుడి ముందు నిలబడాలన్నా సిగ్గేసింది, ఇప్పటికీ అంతే.

సరసకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. కంటి కింద గుంట ఉంది. పైపెదవి కుడివైపు లోపలికి పోయింది. మామిడికాయ కొరకలేదు. నవ్వొస్తే ముందు నోటికి అడ్డంగా చెయ్యి లేస్తుంది.

చంటిబిడ్డల తల్లులకు నేను చెప్పగలిగింది ఇంతే. బెల్లం నోట్లో ఉంచి నిద్రపుచ్చకండి, పాలు తాగిన ప్రతిసారీ వేలికి శుభ్రమైన తడిగుడ్డ చుట్టి బిడ్డ చిగుళ్ళూ పళ్ళూ తుడవండి, తెల్లగీత కనబడితే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

పోయిన వారం పక్కింటి పిల్ల ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరింది. అలా విసిరితే కొత్త పన్ను వస్తుందని పిల్లల నమ్మకం. అది చూసి సరస లోపలికి వచ్చింది.

"మా, నా పండ్లు యాడ ఏసినావు? కప్పు మీదికే కదా?"

"కప్పు మీదికే" అన్నాను.

అప్పటినుంచి రోజూ బడికి పోయేముందు అద్దం దగ్గర నోరు తెరిచి చూసుకుంటోంది.