నీటి తొట్టిలో తేలిన ముక్క

మెట్రో రైలు ఎల్బీ నగర్ దాకా నడవడం మొదలైన మరుసటి ఏడాది వానాకాలంలో, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. ఫిష్ అనే పరీక్ష చేసే గది నా బాధ్యత.

రొమ్ము క్యాన్సర్ గడ్డలో హెర్‌టూ అనే జన్యువు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా పెరిగిందా లేదా అని చూడటం అక్కడి పని. పెరిగి ఉంటే, దానికే గురిపెట్టిన ఇంజెక్షను ఒకటి పనిచేస్తుంది. పెరగకపోతే ఇచ్చి లాభం లేదు. మైనంలో బిగించిన గడ్డముక్కను బ్లాకు అంటాం. దాన్ని వెంట్రుక కంటే పలుచగా కోసి, గోరువెచ్చని నీటి తొట్టిలో తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తుకుంటాం. మెరిసే రంగు తగిలించిన ప్రోబులు, అంటే జన్యువును వెతికి అంటుకునే డీఎన్ఏ తునకలు, దానిమీద వేసి మర్నాటిదాకా ఉంచుతాం. అప్పుడు మైక్రోస్కోపులో హెర్‌టూ ఎర్ర చుక్కగా, అది ఉండే క్రోమోజోము ఆకుపచ్చ చుక్కగా కనిపిస్తాయి. మామూలు కణంలో రెండు ఎరుపు, రెండు పచ్చ. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నమైనా కిటికీకి నల్లగుడ్డ కట్టే ఉండేది. అవతల బస్సుల హారన్లు, కోచింగ్ సెంటర్ల పిల్లల గోల. ఇవతల చీకట్లో నేనూ, చుక్కలూ.

ఒక మధ్యాహ్నం యాభై దాటిన ఒక టీచరుగారి స్లైడు చూస్తున్నాను. ఇరవై కణాలు లెక్కపెట్టాను. అన్నీ మామూలే. తీసేయబోతూ స్లైడు జరిపితే ఒక మూల చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఆవగింజంత కూడా లేని ముక్క ఒకటి ఉంది. దాని ప్రతి కణంలోనూ ఎర్ర చుక్కలు గుత్తులు గుత్తులుగా, లెక్కకు అందకుండా మెరుస్తున్నాయి.

రిపోర్టు మీద సంతకం పెట్టే పెథాలజిస్టు డాక్టర్ పద్మజగారిని పిలిచాను. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఆవిడ చూసి, పెరిగిందని రాసేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. టీచరుగారి గడ్డనే మామూలు రంగు వేసి చూసే స్లైడు ఇంకొకటి ఉంటుంది. దాన్ని తెచ్చి పక్కన పెట్టాను. అందులో ఆ మూల ఏమీ లేదు. కణాల రూపు కూడా వేరు.

"ఇది ఈవిడది కాదు మేడం," అన్నాను.

ఆవిడ రెండు స్లైడులూ మార్చి మార్చి చూశారు. తర్వాత, "మరి ఎవరిదండీ?" అన్నారు.

నీళ్లలో కొట్టుకొచ్చి వేరొకరి స్లైడుకు అంటుకున్న ముక్కను మేం ఫ్లోటర్ అంటాం. ముందురోజు ఆ తొట్టిలో టీచరుగారికంటే ముందు నేను కోసినవి రెండే బ్లాకులు. ఆ ఇద్దరికీ జన్యువు పెరగలేదని ఆ పొద్దున్నే రిపోర్టులు ఇచ్చేశాం. అంటే ఈ గడ్డ ఉన్న మనిషి మా కాగితాల్లో ఎక్కడా లేదు. ఆమె ముక్క మాత్రం నా ముందు వెలుగుతూ ఉంది. డాక్టరుగారు వెళ్లిపోయాక ఆ గదిలో నేనొక్కదాన్నే లేననిపించింది. లేచి లైటు వేశాను.

తొట్టిలో నీళ్లు మార్చి, ఆ రెండింటిలో మొదటి బ్లాకును మళ్లీ కోశాను. దాని కణాలకూ ఆ ముక్కకూ పోలిక కుదరలేదు. రెండోది అరలో లేదు. అది యాదమ్మ అనే ఆమెది, బాలాపూర్‌లో బట్టలు కుట్టుకుంటుంది. రిపోర్టుతో పాటు బ్లాకు కూడా తీసుకుపోయిందని కౌంటరులో చెప్పారు. ఫోన్ చేశాను.

"లేదని రాసిచ్చిన్రు గద మేడం, మల్ల ఎందుకు?" అంది. మర్నాడే కీమో మందు మొదలుపెడుతున్నారట. ఆ ఇంజెక్షను అక్కర్లేదని డాక్టరు చెప్పాడట. ఒక్కసారి బ్లాకు తెచ్చివ్వమని బతిమాలాను.

గంటన్నరలో వచ్చింది. చేతిరుమాలులో చుట్టి పట్టుకొచ్చిన బ్లాకు ఆమె చేతి వేడికి వెచ్చగా ఉంది. కోసి చూస్తే పెద్ద ముక్క పక్కన, మైనం అంచున, విడిగా ఒక చిన్న ముక్క. మొదటిసారి కోసినప్పుడు ఆ చిన్నదాని పొర ఊడి నీళ్లలోకి పోయింది. నేను లెక్కపెట్టింది పెద్దదాన్ని. ఆమె మామూలు రంగు స్లైడులో రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. నేను పక్కన పెట్టుకుని పోల్చలేదు.

కొత్త రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని యాదమ్మ డాక్టరుకు పద్మజగారే ఫోన్ చేశారు. మళ్లీ ప్రోబులు వేస్తే చిన్న ముక్కలో అవే ఎర్ర గుత్తులు. మొదటి రిపోర్టు తప్పని రాతలో ఒప్పుకోవడానికి ఆవిడ కొంత వెనకాడారు గానీ, చివరికి సవరించిన రిపోర్టు మీద సంతకం పెట్టారు.

దాన్ని తీసుకోవడానికి వచ్చిన యాదమ్మ, తానూ చూస్తానంది. చీకటి గదిలో కూర్చోబెట్టాను. చాలాసేపు కళ్లు తీయలేదు.

"గీ ఎర్రగ ఎలిగేది నాదేనా?"

రంగు మేం వేసిందని, ఒంట్లో అది వెలగదని చెప్పాను.

"మీరు లేదన్న దినం గూడ గిది ఉన్నది గద," అంది, కళ్లు తీయకుండానే.

ఆమె లేచాక సవరించిన రిపోర్టు చేతికిచ్చాను.

ఆమెకు ఆ ఇంజెక్షను ఇచ్చారు. గడ్డ బాగా తగ్గాక ఆపరేషన్ అయిందని పద్మజగారికి ఆమె డాక్టరు చెప్పారు. తర్వాతి సంగతి నాకు తెలియదు. టీచరుగారికి జన్యువు పెరగలేదనే రిపోర్టు వెళ్లింది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా బ్లాకు బ్లాకుకూ నీళ్లు మార్చాను. మామూలు రంగు స్లైడు పక్కన పెట్టుకుని, ముక్కలు ఎన్ని ఉన్నాయో చూశాకే చుక్కలు లెక్కపెట్టాను. పరీక్ష చెప్పేది మనం చూసిన ముక్క గురించే తప్ప మనిషి గురించి కాదని నాకు అర్థమైంది. అంతకుముందు "లేదు" అని నేను లెక్క తేల్చి ఇచ్చినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నింటి అంచులు చూడలేదో నాకు తెలియదు.