ఫ్యూజు చోట రాగితీగ

మా మేనమామ చేతికి రాని ఆంప్లిఫయరు ఊళ్లో లేదు. వీధి వైపు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక తెర. బాగుచేయమని తెచ్చినవాళ్లు కరెంటు ఖర్చు మాట ఎత్తితే చాలు, పాఠం మొదలయ్యేది.

"ఇది మింగే కరెంటులో పాటయ్యేది చిటికెడే. మిగతాదంతా వేడే. ఆ వేడి హద్దు దాటకుండా కాపలా కాసేది ఫ్యూజు. దాన్ని నిర్లక్ష్యం చేశారా, కొంపకే ఎసరు!"

ఆయన మీద నాకు ఎంత ప్రేమో అంత కోపం. మూడేళ్లుగా ఆయనకు చెవులు వినపడటం లేదు. జీవితమంతా స్పీకర్లకు చెవి ఆనించి గడిపిన ఫలం అది. స్పీకరు అట్ట మీద వేళ్లు పెట్టి, ఆ అదురును బట్టి పని కానిచ్చేవాడు. మనుషులతో అయితే పెదాలు చూసేవాడు. అర్థం కాకపోతే తల ఊపేవాడు. అత్తయ్య దాన్ని పరధ్యానం అనుకుని నవ్వుకునేది.

"చెవిటి మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడురా? మీ అత్తకు చెప్పావో, చూడు!" అని నా నోరు కట్టేశాడు.

తుంటి ఎముక విరిగి అత్తయ్య మంచాన పడింది. పక్కనే స్టూలు మీద పాత ఆంప్లిఫయరు, పాటలే కాలక్షేపం. అది రోజూ ఫ్యూజు కొట్టేస్తుంటే విసుగెత్తి, అన్ని నీతులు చెప్పిన మనిషే ఫ్యూజు చోట రాగితీగ చుట్టాడు. తీరిక దొరికాక చూస్తానన్నాడు. లోపల ట్రాన్స్‌ఫార్మరు చెడిపోయి, గుయ్యిమంటూనే ఉంది.

"ఏవండీ, ఇది కందిరీగల తుట్టెలా మోగుతోంది. చూశారా?" అని అత్తయ్య అడిగింది కూడా. చేతిలో పని మీద నుంచి ఆయన తలెత్తి, అలవాటుగా ఊపాడు. చూసేశారనుకుని ఆమె ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం నా రేడియో తీసుకుందామని వెళ్లాను. గడప దగ్గరే తెర వెనక నుంచి బొంగురుపోయిన కేక వినిపించింది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో! మామయ్య తెరకు వీపు పెట్టి, ఈల వేసుకుంటూ స్క్రూలు బిగిస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. తెర లాగేసరికి నల్లటి పొగ. ఆంప్లిఫయరు నుంచి మంట దుప్పటికి అంటుకుంది. మంచం దిగలేని మనిషి ఒట్టి చేతులతో దాన్ని ఆర్పుకుంటోంది.

బతికింది. చేతులు మోచేతుల దాకా కాలాయి. ఆసుపత్రిలో కళ్లు తెరవగానే ఆయన్నే అడిగింది.

"పది అడుగుల దూరంలో ఉన్నారు. అంతసేపు పిలిస్తే ఎందుకు రాలేదండీ?"

పెదాలు చూసి ఆయనకు అర్థమైంది. "వినపడలేదే. మూడేళ్ల నుంచి నాకేమీ వినపడదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అత్తయ్య నావైపు తిరిగింది. "నీకు తెలుసా?"

నేను తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె గోడవైపు మొహం తిప్పుకుంది. "నా కేక వినపడదని తెలిసుంటే, గోడమీది స్విచ్చు అందేలా మంచం జరిపించుకునేదాన్ని కదరా" అంది.

మొహం కనపడక మామయ్య నా చెయ్యి పట్టుకుని, "ఏమందిరా?" అని అడిగాడు.