సంపూర్ణమ్మ గారి గురువారాలు

సంపూర్ణమ్మ గారి ఇంటికి నేను మొదటిసారి వెళ్ళేసరికి ఆమె భర్త పోయి నాలుగు నెలలైంది. కంకిపాడులో చిన్న డాబా ఇల్లు. పట్టపగలే వరండా గ్రిల్లుకు లోపలివైపు తాళం వేసి ఉంది. నన్ను చూసి తాళం తీసింది, నేను లోపలికి రాగానే మళ్ళీ వేసేసింది. వేశాక తనే గమనించుకుని, "అలవాటైపోయిందండీ" అంది. తియ్యలేదు మాత్రం.

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. ఆమె భర్త బసవయ్య గారికి నేనే వైద్యం చేశాను. కాలవ గట్టు మీద బండి జారి ఆయన తల కల్వర్టుకు కొట్టుకుంది. నలభై రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డారు. అదృష్టవంతురాలివని ఊరంతా ఆమెతో అంది. ఇంటికొచ్చిన మనిషి మాత్రం వేరు. తిన్న పది నిమిషాలకే అన్నం పెట్టలేదని కంచం విసిరేవారు. ఎప్పుడో అమ్మేసిన పొలానికి నీళ్ళు పెట్టాలంటూ హైవే ఎక్కేవారు. రెండుసార్లు లారీ డ్రైవర్లు తీసుకొచ్చి అప్పగించాక ఆ తాళం పడింది. అలా తొమ్మిదేళ్ళు. చెల్లెలి కూతురి పెళ్ళి మూడు వీధుల అవతల జరిగితే మేళం వినడమే గానీ ఆమె వెళ్ళలేకపోయింది.

"ఆయన పోతే ఏడుస్తాననుకున్నా ఛాయాదేవి గారూ. ఏడుపు రాలేదు. ఇక బయటికెళ్దామనుకున్నా. కాళ్ళు రావట్లేదు."

నేను ఒక పని మీదే వెళ్ళాను. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళ ఇళ్ళకు వారానికోసారి వెళ్ళి, కాసేపు వాళ్ళ దగ్గర కూర్చునే మనుషుల కోసం వెతుకుతున్నాను. జీతం లేని పని.

"వెళ్ళి ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"ఏమీ చెయ్యక్కర్లేదండీ. మీరు లోపలుంటే ఆ ఇంటావిడ కాసేపు బయటికెళ్ళొస్తుంది."

"ఇంట్లో ఉండటమేగా. అదొక్కటే నాకు బాగా వచ్చిన పని" అంది.

అలా విజయవాడ వించిపేటలో నజీమా ఇంటికి పంపాను. నజీమా భర్త కరిముల్లా ఏసీ మెకానిక్. రెండో అంతస్తు నుంచి పడ్డాడు. రెండేళ్ళుగా ఆ రెండు గదుల్లో భార్యాభర్తలిద్దరే. అతను రోజంతా "మా అమ్మ వచ్చిందా?" అని అడిగేవాడు. తల్లి చనిపోయిందని చెబితే అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేవాడు. గంట తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. చెప్పలేక నజీమా, బజారుకెళ్ళిందని అనడం మొదలుపెట్టింది. అప్పటినుంచి తలుపు దగ్గరే నిలబడిపోయేవాడు.

మొదటి గురువారం సంపూర్ణమ్మ గారు, "మూడు గంటలుంటాను, వెళ్ళిరామ్మా" అంది.

"ఎక్కడికెళ్ళనాంటీ?" అంది నజీమా.

నజీమా వీధి చివరిదాకా నడిచి పది నిమిషాల్లో వచ్చేసింది. పై వారం ఇరవై నిమిషాలు. నాలుగో వారం ఇబ్రహీంపట్నం బస్సెక్కి, అక్కడ దిగడానికి భయమేసి, అదే బస్సులో తిరిగొచ్చింది. "కిటికీ పక్కన సీటు దొరికిందాంటీ" అని చెప్పి, ఆ మాటకే ఏడ్చింది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "ఈయన మళ్ళీ మామూలు మనిషవుతారా?"

బంధువులు, డాక్టర్లు, చివరికి నేను కూడా, నెమ్మదిగా అవుతాడనే చెబుతూ వచ్చాం. సంపూర్ణమ్మ గారు ఆ మాట చెప్పలేదు.

"నాకు తెలిసి అవడమ్మా. ఇప్పుడున్న ఈ మనిషితోనే నువ్వు బతకాలి. తిట్టుకోవాలనిపిస్తే నా దగ్గర తిట్టుకో."

ఒక వానాకాలపు గురువారం కరిముల్లా ఆమెను గుర్తుపట్టలేదు. ఎవరో ఇంట్లో జొరబడ్డారనుకుని తోసేశాడు. గడప మీద పడి మణికట్టు విరిగింది. నజీమా రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఫోన్ పక్కనే ఉన్నా ఎవరికీ చెయ్యలేదు. తడి తువ్వాలు చుట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. కాసేపటికి అతనే, "చేతికేమైందమ్మా?" అని అడిగాడట. జారిపడ్డానని చెప్పింది.

నజీమా వచ్చి ఆ వాపు చూసింది. "ఇంక మా ఇంటికి రావద్దాంటీ. మా ఖర్మ మేం పడతాం" అంది.

కట్టు వేయిస్తూ నేను కోప్పడ్డాను. "ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేదండీ?"

"చేస్తే ఆ పిల్ల జన్మలో మళ్ళీ గడప దాటదు."

తప్పు నాది. ఆమెను ఒంటరిగా పంపి ఉండకూడదు. అప్పటినుంచి ఏ ఇంటికైనా ఇద్దరినే పంపుతున్నాం. కట్టు విప్పిన వారమే ఆమె, రిటైరైన టీచరు దానమ్మ గారిని వెంటబెట్టుకుని మళ్ళీ వించిపేట వెళ్ళింది. కట్టు ఉన్న ఆ ఆరు వారాలూ నజీమా బయటికి అడుగు పెట్టలేదు. వాళ్ళిద్దరినీ చూసి లోపలికెళ్ళి బురఖా వేసుకుని వచ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళు సంపూర్ణమ్మ గారు ఒక్క గురువారం మానలేదు. పోయిన వేసవిలో ఇంట్లోనే గుండె ఆగి చనిపోయింది. తాళం లోపలివైపే వేసి ఉండటంతో ఊళ్ళోవాళ్ళు గ్రిల్లు కోసి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. లోకమంతా ఆమెను బయటికి వచ్చిన మనిషనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మారిందంతే.

ఆమెను తలుచుకోవడానికి మా ఆస్పత్రి హాల్లో ఒక శనివారం అందరం కలిశాం. నజీమా మాట్లాడతానంది. కానీ జనాన్ని చూసి కరిముల్లా లోపలికి రానన్నాడు. వరండా స్తంభం పట్టుకుని వదల్లేదు. దానమ్మ గారు దగ్గరికెళితే చెయ్యి విదిలించుకున్నాడు. అతన్ని వదిలి నజీమా రాలేదు. మైకు వైరు అంతదూరం అందలేదు. చివరికి అందరూ కుర్చీలు వరండావైపు తిప్పుకున్నారు. నజీమా అక్కడినుంచే మాట్లాడింది.

"అందరూ నాకు ఓపిక పట్టమని చెప్పారు. ఆంటీ ఎప్పుడూ చెప్పలేదు. గురువారం పదింటికి వచ్చేది. నేను ఇప్పుడూ ఇంట్లోనే ఉన్నా. ఏమీ మారలేదు. కాకపోతే వారంలో ఆ ఒక్కరోజు కోసం..."

కరిముల్లా ఆమె చెయ్యి లాగాడు. "ఒక్క నిమిషమండీ" అంది. అతను ఆగలేదు. మాట మధ్యలోనే మెట్లు దిగింది. దానమ్మ గారు ఆటో ఆపడానికి గేటు వైపు పరిగెత్తింది. మేమంతా కుర్చీల్లోంచి లేచి, వాళ్ళు ఎక్కేదాకా నిలబడ్డాం.