పదకొండు పాయింట్లలో చివరి నాలుగు

సహోదరీ సహోదరులారా, సాక్ష్యం రాయమని మన పాస్టరు అయ్యగారు చాలా రోజులుగా అడుగుతున్నారు, నేను తప్పించుకు తిరుగుతున్నాను. గొంతు పెంచి చెప్పడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. అందులో దేవుడు చేసిందేదో, నా మొండితనమేదో మీకే తెలుస్తుంది.

మా ఆయన పక్షవాతంతో పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. అన్ని నెలల్లో ఆయన ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. గవర్నమెంటు ఆసుపత్రిలో ఒక పెద్ద నర్సమ్మ నేర్పినట్టు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాను, తుడిచాను, తినిపించాను, ఉపవాసముండి ప్రార్థన చేశాను, అయినా పోయారు! పలకరించడానికి వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు "దేవునికి ఆయన అవసరమైనాడమ్మా" అన్నారు. మరి నాకు అవసరం లేదా? ఈ మాట పైకి అనలేదు, లోపల పెట్టుకున్నాను, అక్కడే అది పులిసిపోయింది. ఆయన జబ్బు సంగతి ఎవరెత్తినా లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆదివారం మందిరానికి వచ్చేదాన్ని గాని పాటకు నోరు తెరిచేదాన్ని కాదు. ప్రార్థన మానలేదు గాని, అది ప్రార్థన కాదు, దేవునితో మాటలు మానుకున్న మనిషి గోడకు చెప్పుకునే మాటలు.

ఆ రోజుల్లోనే మన సంఘం ముదిగుబ్బలో కమ్యూనిటీ కాలేజీ పెట్టింది. పదో తరగతి తప్పిన పిల్లలకు ఆరు నెలల్లో ఒక పని నేర్పే చోటు. రోగుల సేవ కోర్సుకు పాఠాలు చెప్తానన్న నర్సు రాలేదు. "నువ్వు చేసినదానివే కదమ్మా, ఇంగ్లీషు కూడా చదువుతావు" అని అయ్యగారు నన్ను ఆ గదిలోకి తోశారు. పుస్తకాల్లేవు. ఒక చీటీ మీద వెబ్‌సైటు అడ్రసు రాసిచ్చారు. అమెరికాలో ఇలాంటి కాలేజీల్లో పాఠాలు చెప్పే టీచర్ల కోసం ఎవరో పాఠాలన్నీ తయారుచేసి నెట్‌లో పెట్టారట, ఎవరైనా ఊరికే తీసుకోవచ్చట.

ఊరికే! ఆ మాటన్నవాళ్ళు మా ఊరి నెట్ సెంటరులో ఒక్క పూట కూర్చుని చూడాలి. పేజీ సగం తెరుచుకునేసరికి ఫోన్ లైను తెగేది, లైను కలిస్తే కరెంటు పోయేది, కరెంటు వస్తే మళ్ళీ మొదటినుంచి. సెంటరు నడిపే బాషా ఈలోపు టీ తాగి, నమాజు చదువుకుని వచ్చేవాడు.

"బాషా, ఇది ఈ వారంలో వస్తుందా?"

"మీరు బొమ్మలు గూడా కావాలంటాండారు మేడమ్, దానికి గొంతు దిగడంల్యా. బొమ్మలు ఆపేస్తా, అక్షరాలైతే జల్దీగా వస్తాయి సూడండి."

"ఆపెయ్. బొమ్మలతో నాకేం పని!"

నిజంగానే జల్దీగా వచ్చాయి. ప్రింటు తీసుకుని నేరుగా క్లాసుకు పోయేదాన్ని. మన దగ్గర పాఠమంటే నోట్సు. టీచరు చెప్పాలి, పిల్లలు రాసుకోవాలి, రాయించకపోతే పాఠం చెప్పనట్టే లెక్క. నాకు అదే కావాలి. కాగితం చూసి తెలుగులోకి మార్చి చెప్పుకుంటూ పోయేదాన్ని, నోరు దాని పని అది చేసేది, మనసును దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

పడక పుండ్ల పాఠం వచ్చిన రోజు మరీ తొందరగా చదివేశాను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుట. చర్మం పొడిగా ఉంచుట. ఈడ్వక ఎత్తి జరుపుట. అలా ఏడు పాయింట్లు. తర్వాత కాగితంలో రెండు వేళ్ళంత ఖాళీ ఉంది. చూశాను, ఆగలేదు. ఎనిమిది, ఎర్రబడిన చోట గట్టిగా రుద్దుట. తొమ్మిది, నడుము కింద గుండ్రని మెత్త పెట్టుట. పది, వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుట. పదకొండు, చాలాసేపు తల ఎత్తి కూర్చోబెట్టుట.

వెనక బెంచీలోంచి రత్నమ్మ లేచింది. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల, పద్ధతిగా రాసుకునేది.

"మేడమ్, మా నాయనకు నడుము కింద ఎర్రగా అయ్యుండాది. గుండ్రని మెత్త అంటే బిందె కింద నెత్తిన పెట్టుకునే సుట్టకుదురు మాదిరా?"

"నోట్సులో ఉంది కదా రత్నమ్మా, రాసుకో, కూర్చో."

ఏమయింది మీ నాయనకు అని కూడా అడగలేదు. నీళ్ళింకిపోయిన బావిలో పూడిక తీయడానికి దిగితే మట్టిపెళ్ళ విరిగి నడుము మీద పడిందనీ, అప్పటినుంచీ కాళ్ళు రాలేదనీ నాకు తర్వాతే తెలిసింది.

రత్నమ్మ రెండు వారాలు రాలేదు. పక్కన కూర్చునే సుజాతను అడిగాను.

"వాళ్ళ నాయనకు పుండు పెద్దదయ్యిందంట మేడమ్, జరం గూడానంట. రత్నమ్మ నోట్సులో ఉన్నట్టే చేసిందంట, పదకొండూ."

పదకొండూ! అందులో ఎనిమిదోది రుద్దుట. మా ఆయనకు ఒకసారి ఎర్రబడిన చోట నేను రుద్దబోతే ఆ నర్సమ్మ నా చేతి మీద కొట్టినంత పని చేసింది, లోపల చర్మం చితికిపోతుంది, ముట్టుకోవద్దు అని. ఆ సంగతి నాకు తెలుసు సహోదరులారా. తెలిసి, మనసు మూసుకుని, నలభైమంది పిల్లలకు తప్పు రాయించాను.

క్లాసు వదిలేసి నెట్ సెంటరుకు పోయాను. బొమ్మలు పెట్టమన్నాను.

"గంట పడతాది మేడమ్."

"పడనీ."

గంటకు పైనే పట్టింది. ఆ ఖాళీ చోట ఎర్రటి రంగులో, పూల అంచుతో ఒక శీర్షిక దిగింది: చేయకూడనివి. అక్షరాలుగా కాదు, బొమ్మగా వేశారు. బొమ్మలు ఆపేస్తే అదీ పోయింది.

"ఇంత ముఖ్యమైన మాటను బొమ్మగా పెడతారా బాషా, బుద్ధి ఉండేవాళ్ళు?"

"అందంగా ఉంటాదని పెట్టింటారు మేడమ్."

అందం! ఆ పాఠం చేసినవాళ్ళ మీద, బాషా మీద, లైను మీద, అయ్యగారి మీద వరుసగా మండిపడ్డాను. ఎవరి మీదా కోపం నిలవలేదు, తిరిగి నా దగ్గరికే వచ్చింది. రత్నమ్మ వాళ్ళ ఊరి బస్సులో కూర్చుని, చాలా నెలల తర్వాత నేరుగా దేవునితోనే మాట్లాడాను. "ప్రభువా, నా భర్తను తీసుకున్నావు. దాని గురించి నీతో నేనింకా సమాధానపడలేదు, పడినట్టు నటించను. కాని ఈ మనిషిని నా నోటి మాట వల్ల చావనివ్వొద్దు. నన్నేమైనా చెయ్యి, ఇతన్ని మాత్రం నిలబెట్టు." ఇంతే. కన్నీళ్ళు కూడా రాలేదు.

నులక మంచం మీద రత్నమ్మ వాళ్ళ నాయన హనుమప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. నడుము కింద నిజంగానే సుట్టకుదురు ఉంది. జరిగిన తప్పు దాచకుండా చెప్పాను. రత్నమ్మ వాళ్ళమ్మ నా ముందు నిలబడింది.

"ఏమమ్మా, మీరు సదువుకున్నోళ్ళు. మీరు రాయించినారని నా బిడ్డ పొద్దునా మాపునా రుద్దె. మేము గొర్రెకు గూడా అట్ల సెయ్యం గదమ్మా!"

హనుమప్పే గోడవైపు నుంచి అన్నాడు, "ఉండనీలేవే. అంత మన్ను మీద పడితేనే సావల్యా, మేడమమ్మ నోట్సుకు సస్తానా?"

ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు కుళ్ళు తీసి కడిగి, ఎముక దాకా పోలేదు గాని ఇంకో వారం ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. ఆ వారం రోజులు నేను ఆ వార్డులోనే ఉన్నాను. రెండు దుప్పట్లు మడిచి ఎలా ఆనించాలో, ఈడ్వకుండా ఎలా తిప్పాలో రత్నమ్మ చేతులు పట్టుకుని చూపిస్తుంటే ఆ పిల్ల అడిగింది, "ఇంత బాగ ఎవరు నేర్పించినారు మేడమ్?"

"మా ఆయనకు చేశాను" అన్నాను.

అంతవరకు ఎవరితోనూ అనని మాట అది. అన్నాక ఆగలేదు, ఆ పద్నాలుగు నెలలూ చెప్పాను, ఆయన అన్నం వద్దని మొహం తిప్పుకున్న రోజులు, నేను విసుక్కున్న రోజులు, చివరి రోజు. చెబుతూ ఏడ్చాను, పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా ఏడ్చాను. హనుమప్ప కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. నాలుగోనాడు జ్వరం దిగింది. దేవునికే మహిమ!

మళ్ళీ క్లాసుకు పోయి చివరి నాలుగూ కొట్టేయమంటే ఒక్కరూ పెన్ను ఎత్తలేదు. "కొట్టేస్తే పరీక్షలో మార్కులు పోవా మేడమ్?" అని అడిగారు. విసుగొచ్చి నేనే బెంచీ బెంచీకీ తిరిగి నలభై నోట్సుల్లో కొట్టేశాను. కాగితం పక్కన పెట్టి, మా ఆయన పేరు చెప్పి, ఆయన ఒంటికి చేసిందంతా నోటితో చెప్పాను. ఆ సైటువాళ్ళకు కూడా శీర్షికలు అక్షరాలుగా పెట్టండని ఇంగ్లీషులో రాశాను. రెండుసార్లు లైను తెగి మూడోసారి వెళ్ళింది. జవాబు రాలేదు.

హనుమప్ప పుండు మూడు నెలలకు పూర్తిగా మూసుకుంది. అతను నడవలేదు. అడిగాను, దేవుడు ఆ పని చేయలేదు, ఎందుకో నాకు తెలియదు, తెలిసినట్టు మీకు చెప్పను. మా ఆయనను ఎందుకు తీసుకున్నాడో కూడా తెలియదు. కాని మా ఆయనకు చేస్తూ నేను నేర్చుకున్నదాన్ని నాతోపాటు పాతిపెట్టుకుంటుంటే, ప్రభువు నా నోరు తెరిపించి ఒక మనిషిని బతికించాడు. మొండిదాన్ని, కోపిష్టిదాన్ని, మాట మానుకున్నదాన్ని, నన్ను ఆ చీకట్లోంచి విడిపించాడు. అందుకు ఆయనకు స్తోత్రం.

ఇది చదివే మీలో ఎవరైనా దేవుని మీద కోపంతో మౌనంగా ఉంటే, కోపం తగ్గాక పోదాంలే అని ఆగకండి. ఆ కోపంతోనే పోయి మాట్లాడండి. బస్సులో ఆ రోజు నేను గౌరవంగా మాట్లాడలేదు. ఆయన విన్నాడు.