బుధవారం ప్రార్థనలో నా పేరు

పిల్లలు బాగా ఎదగాలంటే ఏమేం కావాలో చెప్పే పుస్తకాలు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. నేనూ కొన్ని చదివాను. ఎనభైల్లో దర్శి దగ్గర మా పేటలో అలాంటి పుస్తకాలు లేవు. బుధవారం ప్రార్థన ఉండేది. మిరపకోతల నుంచి వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం చర్చిలో చేరేవాళ్ళు. మా నాన్న చెల్లెలైన మా అత్త పదో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లల కోసం పేరుపేరునా ప్రార్థన చేసేది. వింటూ కొందరు ఏడ్చేవాళ్ళు. (కళ్ళు మాత్రం భుజాలకు ఒత్తుకునేవాళ్ళు. కాయ కోసిన చేయి కంటికి తగిలితే ఏమవుతుందో మా పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు.) పేరు వినబడిన పిల్లలకి ఆ వారమంతా రాజభోగం. దారిలో ఎదురైన ప్రతి ఆడమనిషీ ఆపి, చదువుతున్నావా అని అడిగేది. ఒకామె గుడ్డు ఉడకబెట్టి పెట్టేది.

ఈ భోగమంతా మా బాబాయి కూతురు చిట్టిది. దానికి లెక్కలు రావు. నేను తరగతిలో ఫస్టు. గుడ్డు మాత్రం చిట్టికి. ఉండబట్టలేక, ప్రార్థనలో నా పేరెందుకు చెప్పవని ఒకసారి అత్తనే అడిగాను. "నీకెందుకే, నువ్వు ఎట్టాగైనా పాసవుతావు" అంది. అది మెచ్చుకోలని అత్త అనుకుంది. నాకు మాత్రం ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టు అనిపించింది.

పబ్లిక్ పరీక్షలకు ముందు బళ్ళో పెట్టిన లెక్కల పరీక్షలో ఫెయిలవ్వాలని నిర్ణయించుకున్నాను. తీరా కూర్చున్నాక తప్పు లెక్క చేయడం నాకు చేతకాలేదు. (పొగరనుకోండి.) అందుకని ప్రతి లెక్కా మొదటి నుంచి సరిగ్గా చేసుకొచ్చి, చివర జవాబు మాత్రం మార్చాను. లెక్కల మాస్టారు ఆ పేపరు తెచ్చి అత్త చేతిలో పెట్టి, ఇన్ని జవాబులు ఇంత శ్రద్ధగా తప్పు రాయడం తన వల్ల కూడా కాదన్నారు. అత్త నిలదీస్తే గుడ్డుతో సహా అంతా చెప్పేశాను. ఆమె ఆ పేపరు మడిచి బైబిల్లో పెట్టుకుంది. అప్పుడే నేను భయపడి ఉండాల్సింది.

ఆ బుధవారం నా పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా.

"ప్రభువా, ఇది మా అన్న కూతురు. లెక్కలొచ్చు దీనికి. వచ్చి కూడా తప్పులు రాసింది. కుళ్ళు తండ్రీ దీనికి. చిట్టి గుడ్డు తింటే ఓర్చుకోలేకపోతంది. ఆ కుళ్ళు దీంట్లోంచి తీసెయ్యి నాయనా."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది చిట్టి.

బయటికి పరిగెత్తి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బడి నుంచి వచ్చాక అమ్మ పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసిన సంగతి మరిచిపోయి, రెండు చేతులతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత ఏడవాల్సిన పని లేకుండానే నీళ్ళు కారాయి. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి కళ్ళు కడిగింది.

"నీ పేరు రోజూ పొద్దున్నే ఇంట్లో చెప్పుకుంటానే. ఇంతమందిలో చెప్పడానికి నీకేం తక్కువైంది?"

"తక్కువుంటేనే చెప్తారా అత్తా?" అన్నాను, కళ్ళు మూసుకునే.

పై బుధవారం నుంచి అత్త పేటలో పిల్లలందరి పేర్లూ చెప్పింది, చదువొచ్చిన వాళ్ళవి, రానివాళ్ళవి, బడి మానేసి కోతలకు పోతున్నవాళ్ళవి కూడా. ప్రార్థన సాగి సాగి, ఇంటి దగ్గర ఇంకా పొయ్యి వెలిగించలేదని ఆడవాళ్ళు సణిగారు. దారిలో నన్ను కూడా ఆపి అడగడం మొదలుపెట్టారు. గుడ్డు కూడా వచ్చింది. మొత్తం నేనే తిన్నాను. చిట్టి, నేను ఇద్దరం పాసయ్యాం.

మొన్న కోతల రోజుల్లో అత్త పోయింది. చిట్టి చేలోంచి అలాగే వచ్చి శవం పక్కన కూలబడింది. వచ్చినవాళ్ళందరూ దాన్నే పట్టుకుని ఓదార్చారు. నా దగ్గరికి వచ్చి, చదువుకున్నదానివి, నువ్వు తట్టుకుంటావులే అని దాటిపోయారు. నేను గోడకు ఆనుకుని ఆ ఓదార్పు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చిట్టి లేచి, కళ్ళు భుజానికి ఒత్తుకుంటూ నా పక్కకు వచ్చింది.

"నీకింకా పోలేదేమే ఆ కుళ్ళు" అంది మెల్లగా.

అత్త చేసిన అన్ని ప్రార్థనల్లోనూ దేవుడు వినకుండా వదిలేసింది బహుశా అదొక్కటే.